వంశచరిత్ర నివేదికలోని తప్పుల గురించి ఫిర్యాదు

తిరుపతి.

వంశవృక్ష పరిశోధన విభాగం మేనేజరు గారికి,

విషయం: టెక్కలి ప్రాంతపు మా పూర్వీకుల వివరాల కోసం మీరు చేసిన పనిలోని లోపాలు, నాకు తిరిగి రావలసిన సొమ్ము, కాగితం.

అయ్యా,

మా తాతగారు టెక్కలి దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చి తిరుపతిలో స్థిరపడ్డారు. ఉత్తరాంధ్రలో మిగిలిపోయిన మా వాళ్లెవరో, మా కుటుంబం ఆ ఊరికి ఎలా చేరిందో తెలుసుకోవాలని నాకు ఎన్నో ఏళ్లుగా కోరిక. డెబ్బై ఒకటో ఏట అంత దూరం వెళ్లి పాత కాగితాల కట్టలు విప్పించుకునే ఓపిక లేక, ఆ పని మీకు అప్పగించి 42,500 రూపాయలు చెల్లించాను. ఏడు నెలల తరువాత మీరు పంపిన నివేదికను మూడుసార్లు చదివిన మీదట ఈ లేఖ రాస్తున్నాను.

నివేదిక మొదటి పుటలోనే "1881 నాటి శ్రీకాకుళం జిల్లా రికార్డుల ప్రకారం" అని ఉంది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. 1881లో టెక్కలి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని గంజాం జిల్లాలో ఉండేది; 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాంలో ఎక్కువ భాగం అటు వెళ్లిపోగా, టెక్కలి వైపు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో చేరింది. ఇది మాటల పట్టింపు కాదు. లేని జిల్లా పేరుతో వెతికితే పాత ప్రభుత్వ రికార్డులు దాచే పురాలేఖాగారంలో ఏ కట్టా దొరకదు. తిరుపతిలో పుట్టిన నాకు ఇది స్వానుభవం: 2022 ఏప్రిల్ వరకు మాది చిత్తూరు జిల్లా, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఉత్తర ఆర్కాటు జిల్లా. మా అమ్మగారి వైపు పాత దస్తావేజుల మీద ఆ పేరే ఉంది.

రైత్వారీ గ్రామాల (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే గ్రామాల) డైగ్లాట్ రిజిస్టర్లలో, అంటే రెండు భాషల్లో రాసిన భూమి లెక్కల పుస్తకాల్లో, పేరు కనబడలేదు కనుక మా పూర్వీకులకు భూమి లేదని మీరు తేల్చారు. టెక్కలి జమీందారీ ప్రాంతం. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతిలో జమీందారు ప్రభుత్వానికి కట్టవలసిన పేష్కషు నిర్ణయమయ్యేది. ఏ రైతు ఎంత సాగు చేస్తున్నాడన్న లెక్క జమీందారు కచేరీలో ఉండేది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే ప్రభుత్వం ఆ పల్లెలను రైత్వారీలోకి తెచ్చి, సెటిల్‌మెంట్ చేసి, ఫెయిర్ అడంగళ్లు (సర్వే నంబర్ల వారీ భూమి లెక్కలు) తయారుచేసింది. కాబట్టి ఉండడానికి వీలులేని రిజిస్టరులో పేరు లేకపోవడం దేనికీ రుజువు కాదు. పైగా మాది ఇనాం భూమి (శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో దానంగా ఇచ్చిన భూమి) అని చెప్పి, టైటిల్ డీడ్ (హక్కు పత్రం) నంబరు కనిపించే తాతగారి కాగితాన్ని మీ చేతికే ఇచ్చాను. 1860ల్లో ఇనాం కమిషన్ తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఆ ఇనాం మొదట ఎవరికి ఇచ్చారో, అప్పటికి ఎవరు అనుభవిస్తున్నారో రాసి ఉంటుంది. మా వంటి కుటుంబానికి అంతకు మించిన ఆధారం లేదు. ఆ నకలు కోసం మీరు దరఖాస్తు కూడా పెట్టినట్టు నివేదికలో ఎక్కడా లేదు.

కొన్ని పేర్లను 1891 జనగణన ఇంటింటి పత్రాల నుంచి తీసుకున్నామని రాశారు. పట్టికలు తయారయ్యాక ఆనాటి ఇంటింటి పత్రాలను భద్రపరచలేదు. మిగిలినవి అచ్చయిన సంఖ్యలే. మరి ఆ పేర్లు మీకు ఎక్కడ దొరికాయో చెప్పాలి.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన సంగతి మరొకటి. మా నాన్నగారి ఆబ్దికంలో ఏటా మూడు తరాల పేర్లు, గోత్రం చెప్పి పిండం పెడతాను. మా ముత్తాతగారి స్థానంలో మీరు చూపిన మనిషి పేరు వేరు, గోత్రం కూడా వేరు. మాది కౌండిన్యస గోత్రం, మీరు చూపిన వారిది భారద్వాజస. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఒకే వంశం కాదని మన వైపు పెళ్లి సంబంధాలు చూసే ఎవరిని అడిగినా చెబుతారు. పని మొదలుపెట్టే రోజునే ఈ మూడు పేర్లు, గోత్రం మీ ఫారంలో రాసి ఇచ్చాను. ఆ ఫారం ఒక్కసారి చూసి ఉంటే, ఎవరో పరాయి కుటుంబాన్ని తెచ్చి మా వంశవృక్షానికి అతికించేవారు కాదు.

భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర పురాలేఖాగారానికి వెళ్లినందుకు ప్రయాణం, బస కింద 9,600 రూపాయలు విడిగా వసూలు చేశారు. అక్కడ చూసిన ఒక్క ఫైలు నంబరు గానీ, కట్ట నంబరు గానీ, తీసుకున్న నకలు గానీ నివేదికలో లేదు. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖాగారం ప్రస్తావనే లేదు. గంజాం మద్రాసు రాజధానిలో ఉన్నన్నాళ్లూ రెవెన్యూ బోర్డు వ్యవహారమంతా మద్రాసులోనే నడిచింది కదా!

కనుక ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లోగా, చూసిన ప్రతి రికార్డుకూ ఫైలు నంబరు, సంవత్సరం, పుట తెలిపే పట్టికతో నివేదికను సరిచేసి పంపండి. అది వీలుకాకపోతే ప్రయాణ ఖర్చుతో సహా కట్టిన 52,100 రూపాయలూ తిరిగి ఇవ్వండి. గడువు దాటితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను.

తాతగారి టైటిల్ డీడ్ కాగితం మాత్రం ఈ గడువుతో సంబంధం లేకుండా వెంటనే స్పీడ్ పోస్టులో పంపండి. అది అసలు ప్రతి, మడతల దగ్గర ఇప్పటికే చిరుగుతోంది. రెండు అట్టల మధ్య పెట్టి, మడవకుండా పంపించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
మీ వినియోగదారుడు