వార్షిక నివేదిక: ఇళ్ల చుట్టూ నీటి పారుదల పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం శ్రమలో, చర్చల్లో ఎక్కువ భాగం ఇళ్ల చుట్టూ నిలిచే నీటికే పోయింది. వాన వెలిశాక కూడా పెరట్లో నేల చిత్తడిగానే ఉంటోందని, గోడల అడుగున చెమ్మెక్కి ప్లాస్టరింగ్ పెచ్చులూడుతోందని పల్లపు వరుసలోని సభ్యులు పదేపదే చెబుతూ వచ్చారు. వాన మొదలైతే చాలు వాళ్లకు టెన్షన్.

తవ్వకం మొదలుపెట్టే ముందు, వాన పడుతుండగానే ఇంటింటికీ తిరిగి చూశాం. చాలా చోట్ల సమస్య నేల కింద కాదు, పైనే ఉంది. పైకప్పు నీళ్ల గొట్టాలు గోడ మొదట్లోనే నీళ్లు వదులుతున్నాయి, మొక్కలకని పోసిన మట్టి ఇంటివైపు వాలి ఉంది. అక్కడ డ్రైన్ వేయలేదు. గోడ నుంచి 3 మీటర్ల దూరంలో నేల 15 సెంటీమీటర్లు దిగేలా మట్టి సర్ది, గొట్టాలను దూరానికి మళ్లించాం. డ్రైన్ కావాలని పట్టుబట్టినవారికి ఇది నచ్చకపోయినా, ముందు చేయాల్సిన పని ఇదేనని కమిటీ గట్టి నమ్మకం.

ఎగువ నుంచి నేల లోపలే ఊట దిగే ఇళ్లకు మాత్రం ఫ్రెంచ్ డ్రైన్ వేశాం. 1859లో అమెరికాలో హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ అనే న్యాయవాది పొలాల్లో నీరు తీసే పద్ధతుల గురించి రాసి దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. కందకం తవ్వి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి మట్టిని ఆపేది) పరిచి, కడిగిన కంకర పోసి, మధ్యలో 100 మిల్లీమీటర్ల చిల్లుల పైపు పెట్టి, పైన మళ్లీ కంకర వేసి గుడ్డ కప్పేస్తారు. బిగుతు మట్టిలో కంటే కంకర సందుల్లో నీటికి దారి సులువు కాబట్టి ఊట అటు తిరుగుతుంది. కంకరలో రాతి పొడి ఉండకూడదు, ఆ సందులే పూడిపోతాయి. గుడ్డ లేకపోతే సన్నమట్టి చేరి అదే పని చేస్తుంది.

చిల్లులు పైకి ఉంటేనే కదా నీళ్లు పైపులో పడేది అని సమావేశంలో వాదన వచ్చింది. కందకం అడుగు నుంచి నిండుతుంది. చిల్లులు కిందికి ఉంటే మట్టం కొంచెం పెరగగానే పైపు నీళ్లను అందుకుంటుంది. పైకి ఉంటే పైపు ఎత్తుదాకా నీళ్లు ఇంటి పక్కనే నిలుస్తాయి. నేలలో గోడకు ఆనుకుని మీటరు ఎత్తున నీళ్లు నిలిస్తే, అడుగున ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను. అందుకే ఈ విషయంలో రాజీ పడలేదు.

వాటం మీటరుకు కనీసం 1 సెంటీమీటరు ఉండేలా, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో అడుగడుగునా మట్టం చూశాకే కంకర పోయించాం. పునాది అడుగు కంటే లోతుగా ఎక్కడా తవ్వలేదు. అలా తవ్వితే పునాది కింది మట్టి జారే ప్రమాదం ఉంది. పైకప్పు నీళ్లను చిల్లుల పైపులోకి వదలకుండా, వాటికి చిల్లుల్లేని పైపు విడిగా వేశాం. కలిపితే వాన నీళ్లన్నీ పునాది పక్కన మనమే ఇంకించినట్టవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలన్న దగ్గరే. పక్కవారి స్థలంలోకి గానీ మురుగు లైనులోకి గానీ వదలకూడదని ముందే తీర్మానించుకున్నాం. వాటం దొరికిన చోట వాన నీటి కాలువకు కలిపాం. ఇంకుడు గుంత ఆలోచన వచ్చిన చోట ముందు చిన్న గుంటలో నీళ్లు నింపి చూశాం. జిగురు మట్టిలో అవి అలాగే నిలిచిపోవడంతో ఆ ఆలోచన మానుకున్నాం. వరుస చివరి ఇళ్ల సమస్య ఇంకా తీరలేదు. ఆ స్థలం కాలువ మట్టం కంటే కింద ఉంది. సంప్ తవ్వి పంపు పెట్టడం తప్ప దారి కనిపించడం లేదు. కరెంటు ఖర్చు ఎవరు భరించాలన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చాలి.

సభ్యులకు మనవి: డ్రైన్ల మీద చెట్లు నాటకండి, వేర్లు పైపులోకి దూరతాయి. వానల ముందు పైపు చివర జాలీకి పట్టిన ఆకులు తీసేయండి. పైపు శుభ్రం చేయడానికి పెట్టిన మూతల మీద టైల్స్ వేయించకండి. డ్రైన్ వెళ్లే దారి గీసిన ప్లాన్ కార్యాలయంలో ఉంది. పెరట్లో ఏ పనికైనా తవ్వే ముందు వచ్చి చూసుకోండి.

కార్యదర్శి