పనసపొట్టులో ఆవ

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. ఈ నెలంతా మా ఇంట్లో పనసపొట్టు యజ్ఞం నడిచింది. కలం పట్టుకుందామంటే వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయేవి.

సంగతేమిటంటే, అమ్మకు మణికట్టు నొప్పి పట్టుకుంది. మామయ్య ఎప్పటిలాగే కవిటి నుంచి బస్సులో లేత పనసకాయ పంపించాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసింది కదా, కొబ్బరితోటలతో పాటు వాళ్ల పెరట్లోని మూడు పనసచెట్లూ కూలిపోయాయి. మిగిలిన ఒక్క చెట్టు కాయలనే మాకు ప్రసాదంలా పంచుతున్నాడు. అమ్మ ఆ కాయను చూసి, "ఈ ఏడు నా వల్ల కాదు. కూర కావాలంటే ఎవరైనా నేర్చుకోండి" అని చేతులెత్తేసింది. మీ చెల్లెలు ముందే తప్పుకుంది. వాళ్ల పుట్టింట్లో పనసకు ఉల్లి, మసాలా వేస్తారట, ఆవాలు నూరి ఆవ పెట్టడం తనకు తెలియదట. ఇరవై ఏళ్లుగా పక్కనే నిలబడి చూసి ఈ మాట! చివరికి మా అమ్మాయి ముందుకొచ్చింది. పదకొండేళ్లు నిండాయి దానికి, భయమంటే తెలియదు. నలభై ఏళ్లుగా ఈ కూర తింటున్నవాణ్ణి కనుక గురువు పదవి నేను తీసుకున్నాను. తినడం వేరు, వండడం వేరు అని ఎవరైనా అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది.

కాయ కోసే పని దానికి ఇవ్వలేదులే. నేనే చేతులకు, కత్తికి నూనె రాసుకుని పెచ్చు చెక్కాను. అమ్మ కుర్చీలో కూర్చుని, "నూనె చాలదు, ఇంకా రాయి" అంటూనే ఉంది. వింటే కదా! పాలు కారి అరచేయి మొత్తం బంక. అమ్మాయి సబ్బు, నీళ్లు తెచ్చి దగ్గరుండి కడిగించింది. ఆ జిగురు నీళ్లకు లొంగుతుందా? ఆఖరుకు మళ్లీ నూనే గతి అయింది. ఈలోగా అది కాయ మీది ముళ్లు లెక్కపెడుతూ, "నాన్నా, ఒక్కో ముల్లూ ఒక్కో పువ్వు, తెలుసా? ఇదంతా ఒక పువ్వుల గుత్తి, కాయ కాదు" అంది. బళ్లో చెప్పారట. ఇన్నేళ్లుగా పువ్వుల గుత్తిని కత్తితో టకటకా కొట్టి పొట్టు చేస్తున్నానన్న మాట.

మొదటి ఆదివారం కూర పాడైంది. తప్పంతా గురువుగారిదే. పసుపు, ఉప్పు వేసి పొట్టు ఉడికించాం, వార్చాం, చల్లారాక అమ్మాయి పిడికిళ్లతో గట్టిగా పిండింది. ఆ పని బాగా చేసింది. నీరు మిగిలితే పొట్టు ముద్దయిపోతుంది, పొడిపొడిగా ఉండాలి. పోపులో శనగపప్పు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ అన్నీ పడ్డాయి. మినప్పప్పు కాస్త నల్లబడింది, దానికేమీ అనలేదు. చింతపండు పులుసు పోసి, చిన్న బెల్లం ముక్క వేసి, పొట్టు కలిపి మగ్గనిచ్చాం. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు నేను మహా అధికారంగా, "ఇక ఆవ ముద్ద వేసి ఇంకో పది నిమిషాలు ఉడకనివ్వు" అన్నాను. పాపం, అది నమ్మింది.

తిని చూస్తే ఘాటు ఆవగింజంత కూడా లేదు, పైగా చేదు. అమ్మ ఒక ముద్ద తిని, "ఆవ చచ్చిపోయింది" అని కంచం పక్కకు జరిపింది. అమ్మాయి నా వైపు చూసిన చూపు ఉందే, నా గురుత్వం అక్కడితో సరి.

అది అంతటితో వదలలేదు. "పోపులో వేసిన ఆవాలు ముక్కుకు ఎక్కవు, నూరినవి మాత్రం ఎందుకు ఎక్కుతాయి?" అని పట్టుకుంది. నాకేం తెలుసు? వాళ్ల సైన్సు మేడంను అడిగి వచ్చి నాకు పాఠం చెప్పింది. గింజలో ఆ ఘాటు ముందుగా ఉండదట. అందుకు కావలసిన పదార్థం ఒకచోట, దాన్ని ఘాటుగా మార్చే ఎంజైము మరోచోట వేరువేరుగా ఉంటాయట. గింజ నలిగి, తడి తగిలినప్పుడే రెండూ కలుస్తాయి. వేడి తగిలితే ఆ ఎంజైము పనికిరాకుండా పోతుంది. అందుకే నూనెలో చిటపటలాడినవి కమ్మగా ఊరుకుంటాయి, చల్లని నీళ్లతో నూరినవి కళ్లనీళ్లు తెప్పిస్తాయి. పొయ్యి ఆపి, కూర గోరువెచ్చన అయ్యాకే ఆవ పెట్టడం, అమ్మ ఎప్పుడూ చేస్తున్నది అదే. చెయ్యి కడుక్కుని పీట మీద కూర్చునేవాణ్ణి, పొయ్యి ఎప్పుడు ఆపేదో నేనెక్కడ చూశాను?

రెండో ఆదివారం అమ్మను నేరుగా రంగంలోకి దింపాం. అక్కడ కొలతల తగాదా మొదలైంది. ఎంత ఆవ అంటే "తగినంత", ఎంత ఉప్పు అంటే "చూసుకుని". అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని, "తగినంత అంటే ఎన్ని చెంచాలు నానమ్మా?" అని నిలదీసింది. అమ్మకు కోపం వచ్చింది, తర్వాత నవ్వూ వచ్చింది. చివరికి అరచేతిలో ఆవాలు పోసుకుని, కళ్లు మూసుకుని, కొన్ని తిరిగి డబ్బాలో వేసి, మిగిలినవి దాని చేతిలో పోసింది. అది చెంచాతో కొలిచి రాసుకుంది: అరకిలో పొట్టుకు రెండు చిన్న చెంచాలు, మరో పాతిక గింజలు. ఆ పాతికా నిజంగానే లెక్కపెట్టింది.

నూరడం చిన్న రాతి రోట్లోనే. మిక్సీ అన్నానని అమ్మ నన్ను వంటింట్లోంచి పంపేసింది. గుమ్మం దగ్గర నిలబడి చూశాను. ఆవాలు, నానిన ఎండుమిర్చి, ఉప్పురాయి, కాసిని నీళ్లు. అమ్మాయి తుమ్ముతూ, ముక్కు తుడుచుకుంటూ నూరింది. అమ్మ నొప్పి చేతినే దాని చేతి మీద వేసి బండ తిప్పించింది. నేను నేర్చుకుంటానంటే ఒక్కనాడైనా అలా తిప్పించలేదు, నిజానికి నేను అడగనూ లేదు. పొయ్యి ఆపేసి, గిన్నె కింద పెట్టి, అమ్మాయి మాటిమాటికీ వేలితో తాకి చూసుకుని ఆవ కలిపింది, నువ్వులనూనె పచ్చిది ఓ చెంచా వేసి మూత పెట్టింది. గంట ఊరాక తిన్నాం. మొదటి ముద్దకే నాకు మాడు దాకా ఎక్కింది. అమ్మ ఏమీ మాట్లాడకుండా మారు వడ్డించుకుంది.

అన్నట్టు, ఆ భోజనం దగ్గర నీ ప్రస్తావన వచ్చింది. కాలేజీ రోజుల్లో నువ్వు మొదటిసారి మా ఇంటికి వచ్చి, ఈ కూర పెద్ద ముద్ద పెట్టుకుని కళ్లనీళ్లు కార్చుకున్నావు, గుర్తుందా? ఇంటి మీద బెంగ పెట్టుకున్నావనుకుని అమ్మ నీ తల నిమిరింది, "మీ అమ్మ గుర్తొచ్చిందా నాయనా" అంటూ ఇంకో రెండు గరిటెలు వేసింది. నువ్వూ నోరు విప్పలేదు, నేనూ విప్పలేదు. ఇన్నేళ్లకు అమ్మకు ఆ నిజం చెప్పేశాను, క్షమించు.

అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే ఆవేళ ఆవ బాగా కుదిరిందన్న మాట" అంది.

నీ
శ్రీకాకుళం మిత్రుడు