తైపింగ్ నుంచి నాన్నగారికి

తైపింగ్, మలేసియా

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమం. మీ మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు ఫోనులో చెప్పాక మనసు కుదుటపడింది. "అంత చిన్న ఊళ్లో చూడడానికి ఏముంటుందమ్మా" అని కిందటి ఉత్తరంలో అడిగారు. వచ్చిన కొత్తలో నాకూ అలాగే అనిపించింది. బయటివాళ్లు చెరువుల తోట చుట్టూ ఒకసారి తిరిగి, సాయంత్రానికల్లా పినాంగ్ వెళ్లిపోతారు. తోట అందమైనదే. తగరం తవ్వి వదిలేసిన గుంటలను 1880లో చెరువులుగా మలచడం మొదలుపెట్టారట. గట్టు మీది నిద్రగన్నేరు చెట్లు దారి దాటి వంగి నీటిని తాకుతుంటాయి. వీటికి మలయ్ భాషలో 'పుకుల్ లీమా' అని పేరు. అంటే ఐదు గంటలు. సాయంత్రం ఆ వేళకు ఆకులు ముడుచుకుంటాయి కదా!

కానీ మీకు చెప్పాలని నేను తహతహలాడుతున్నది బొగ్గు బట్టీల సంగతి. ఊరికి పడమరగా, సముద్రం వైపు, క్వాలా సెపెతాంగ్ అనే జాలరుల ఊరుంది. పూర్వం దాని పేరు పోర్ట్ వెల్డ్. తగరాన్ని రేవుకు చేర్చడానికి 1885లో తైపింగ్ నుంచి అక్కడిదాకా రైలు వేశారు. మలయాలో మొదటి రైలు మార్గం అదే. ఇప్పుడు పట్టాలు లేవు, స్టేషను పేరు బోర్డు మాత్రం మిగిలింది. దాని మీద తమిళ అక్షరాలు చూడగానే, చుట్టం కాకపోయినా పొరుగువాడు కనిపించినట్లు సంతోషం కలిగింది.

ఆ ఊరి చుట్టూ మడ అడవే. బస్సు దిగగానే బురద వాసన తగిలింది. చిన్నప్పుడు మీరు కోరంగిలో పడవ ఎక్కించినప్పటి వాసనే, ఏమీ తేడా లేదు. మన ఉప్పు పొన్న జాతి చెట్లే ఇక్కడా బురదలో కాళ్లు పాతుకుని నిలబడి ఉన్నాయి. సుమారు 40,000 హెక్టార్ల అడవి ఇది. ఒక భాగం నరికితే అక్కడ మళ్లీ నాటి, 30 ఏళ్లు ఎదగనిచ్చి, అప్పుడే మళ్లీ గొడ్డలి పెడతారు. నూరేళ్లకు పైగా ఈ పద్ధతి సాగుతోంది. నరుకుతూ కూడా అడవిని నిలుపుకోవచ్చని నేను కళ్లారా చూసింది ఇక్కడే.

బట్టీలు బోర్లించిన పెద్ద కుండల్లా ఉంటాయి, ఇటుకతో, మట్టితో కట్టినవి. బెరడు ఒలిచిన దుంగలను లోపల నిలువుగా పేరుస్తారు. వాకిట్లో మంట పెట్టి, ఆ వేడికి దుంగల్లోని నీరంతా ఆవిరై పోయేదాకా రోజుల తరబడి కాపలా కాస్తారు. ఆపైన గాలి చొరకుండా మూసేస్తారు. బొగ్గు చేతికి రావడానికి దాదాపు నెల పడుతుంది. లోపల ఏం జరుగుతోందో పనివారు పొగ వాసనను బట్టే పసిగడతారు. ఒక పెద్దాయన నన్ను కన్నం దగ్గరికి పిలిచి వాసన చూడమన్నారు. నాకు పులుపు తప్ప ఏమీ తెలియలేదు. ఆయన మాత్రం ఇంకా నాలుగు రోజులు అన్నట్లు వేళ్లు చూపించారు. ఆ ముక్కు వెనక ఎన్నేళ్ల సాధన ఉందో!

ఇంకొక చోటుంది నాన్నగారూ. కొండకు వెళ్లే దారికి రెండు వైపులా యుద్ధకాలపు శ్మశానం. 1941 డిసెంబరులో జపాన్ సేనలు దిగినప్పుడు ఈ ప్రాంతంలో పోరాడి వెనక్కు తగ్గినవారిలో మన దేశపు సైనికులు చాలామంది. యుద్ధం ముగిశాక పొలాల్లో, పల్లెల్లో ఉన్న సమాధుల నుంచి అవశేషాలను తెచ్చి ఇక్కడ ఖననం చేశారు. 850కి పైగా ఉన్న సమాధుల్లో సగానికి మించి పేరు తెలియనివారివే. ఇళ్లలో ఎన్నాళ్లు ఎదురుచూశారో. నేను వెళ్లిన ప్రతిసారీ ఆ పేరు లేని రాళ్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను.

దీపావళి తర్వాత మీరూ అమ్మా తప్పకుండా రండి. గొడుగులు మాత్రం మరిచిపోవద్దు. సముద్రపు మబ్బులు కొండకు తగిలి ఇక్కడే కురుస్తాయి, ఏడాదికి సుమారు 4,000 మిల్లీమీటర్లు. బట్టీల దగ్గరికి మిమ్మల్ని నేనే తీసుకువెళతాను.

ఒక సందేహం. తాతయ్య కాలంలో మన వైపు ఎవరైనా ఉప్పు పొన్నతో బొగ్గు కాల్చేవారా? గుర్తున్నంతవరకు రాయండి. ఆ పెద్దాయనకు చెప్పాలి.

ఇట్లు
మీ పెద్దమ్మాయి