కొన్న పరికరాన్ని వాడుకునే వీలు కల్పించండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. నేను యూనివర్సిటీ మైక్రోవేవ్ ల్యాబ్‌లో పిల్లల చేత ప్రయోగాలు చేయించే టీచర్‌ని.

మైక్రోవేవ్ అంటే ఒక రకం రేడియో తరంగం, కంటికి కనపడదు. కానీ మా బెంచీ మీద దాన్ని స్కేలు పెట్టి కొలవొచ్చు. లోపల 22.86 మిల్లీమీటర్ల వెడల్పు, 10.16 మిల్లీమీటర్ల ఎత్తు ఉండి, ఆ తరంగాన్ని నడిపించే లోహపు గొట్టం మా వేవ్‌గైడ్. పైన సన్నటి చీలిక, అందులో అటూ ఇటూ జరుగుతూ తరంగం బలాన్ని పసిగట్టే ప్రోబు. గొట్టం చివర షార్ట్ (తరంగాన్ని వెనక్కి తిప్పే లోహపు మూత) బిగించి ప్రోబును మెల్లగా జరిపితే మీటరు ముల్లు లేస్తుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. 10 గిగాహెర్ట్జ్ దగ్గర ముల్లు పడిపోయే పక్కపక్క రెండు చోట్ల మధ్య దూరం, అంటే తరంగం పొడవులో సగం, దాదాపు 20 మిల్లీమీటర్లు. "గాలిలో అయితే 15 రావాలి కదా సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నేను ఎదురుచూసేది ఆ ప్రశ్న కోసమే. గొట్టంలో తరంగం పొడవు సాగుతుందని, 6.56 గిగాహెర్ట్జ్ కంటే దిగితే అసలు ముందుకే పోదని అప్పుడు చెబితే ఇక మర్చిపోరు.

ఇదంతా కంప్యూటర్ సిమ్యులేషన్‌లో చూపించొచ్చు కదా అని కొందరు అంటున్నారు. సిమ్యులేషన్ కావాలి, నేనూ వాడతాను. కానీ అందులో కనెక్టర్ వదులవ్వదు. ఒకసారి ఒక అమ్మాయి కేబుల్ చివర ఉండే ఎస్‌ఎంఏ అనే చిన్న కనెక్టర్ బిగించబోయి నట్టుతో పాటు కేబులంతా తిప్పేసింది. లోపలి పిన్ను అరిగి రీడింగ్ నిలవలేదు. కారణం పట్టుకునేసరికి సాయంత్రమైంది. కేబుల్ కదలకుండా పట్టుకుని నట్టు ఒక్కటే తిప్పాలని ఆ తర్వాత తోటివాళ్లకు తనే నేర్పింది.

అసలు బాధ వేరే ఉంది. మైక్రోవేవ్ ఎంత వెనక్కి వస్తుందో, ఎంత దాటిపోతుందో కొలిచే మా నెట్‌వర్క్ అనలైజర్ కవర్ కప్పుకుని కూర్చుంది. కొలిచే ముందు షార్ట్, ఓపెన్, లోడ్ అనే మూడు ముక్కలతో దాన్ని కాలిబ్రేట్ చేయాలి, అంటే కొలత సరిగ్గా వచ్చేలా సెట్ చేయాలి. మా కాలిబ్రేషన్ కిట్టులో లోడ్, అంటే తరంగాన్ని మింగేసే ముక్క, పాడైంది. అది లేకుండా వచ్చే అంకెల్ని నమ్మలేం. కొత్త పరికరం కొనడానికి గ్రాంటు ఉంటుంది, ఈ చిన్న ముక్కకు ఉండదు! టెక్నీషియన్ రిటైరయ్యాక ఆ పోస్టూ ఖాళీగానే ఉంది. బెంచీకి ఎనిమిది మంది చేరితే ఇద్దరు ప్రయోగం చేస్తారు, మిగతా ఆరుగురు రీడింగులు ఎక్కించుకుంటారు.

కాబట్టి పరికరాల గ్రాంటులోనే ఏటా మెయింటెనెన్స్‌కు విడిగా డబ్బు కేటాయించండి. టెక్నీషియన్ పోస్టులు నింపండి. బెంచీలు పెంచడానికి టైం పడుతుందని తెలుసు. ముందు కాలిబ్రేషన్ కిట్టు ఇప్పించండి. అది వచ్చిన మర్నాడే అనలైజర్ మీద కవర్ తీస్తాం.

ఇట్లు,
ఒక ల్యాబ్ టీచర్