స్టేషన్లలో దర్యాప్తుకు విడిగా సిబ్బందిని ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

బడిలో పిల్లల మీద ఏదైనా ఘోరం జరిగితే చాలు, గేటు దగ్గర కానిస్టేబుల్‌ను పెట్టాలని, ఇంకా కెమెరాలు బిగించాలని డిమాండ్లు మొదలవుతాయి. పెడితే మంచిదే. కానీ కేసు చెడిపోయేది ఫిర్యాదు అందాక మొదటి కొద్ది రోజుల్లో, దర్యాప్తు అధికారికి తీరిక లేక. బడి భద్రత గురించి, పోలీసు సంస్కరణల గురించి విడివిడిగా మాట్లాడుకుంటున్నాం. ఆ రెండూ కలిసే చోటు ఇదే.

పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింది తీవ్ర నేరాల్లో రెండు నెలల్లో దర్యాప్తు ముగించాలని పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ చెబుతోంది. సమాచారం అందిన 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. వీలైనంతవరకు ఎస్సైకి తగ్గని హోదా గల మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, బిడ్డ ఇంట్లోనో బిడ్డ కోరిన చోటో వాంగ్మూలం తీసుకోవాలి. ఇంత పని నెత్తిన ఉన్న ఎస్సైకే అదే వారంలో నిమజ్జనం బందోబస్తు, వీఐపీ కాన్వాయ్, రాత్రి గస్తీ డ్యూటీలు పడతాయి.

కెమెరా ఉంటే సాక్ష్యం భద్రంగా ఉన్నట్టేనని తల్లిదండ్రులు అనుకుంటారు. కెమెరా దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్‌లో హార్డ్ డిస్క్ నిండగానే పాత ఫుటేజీ చెరిగిపోయి దాని స్థానంలో కొత్తది చేరుతుంది. డిస్క్ సైజును, కెమెరాల సంఖ్యను బట్టి రెండు వారాలకే చెరిగిపోవచ్చు, నెల ఉండొచ్చు. ఆలస్యంగా వచ్చిన అధికారికి ఏమీ మిగలదు. వెంటనే వచ్చినా, పెన్‌డ్రైవ్‌లోకి నాలుగు క్లిప్పులు ఎక్కించుకుని వెళ్తే సరిపోదు. మధ్యవర్తుల (పంచ సాక్షుల) సమక్షంలో డీవీఆర్‌నే సీజ్ చేయాలి. సీజ్ చేయడం మొత్తాన్ని ఫోన్‌లోనైనా వీడియో తీయాలి. ఫైలులో మార్పు జరిగితే పట్టిచ్చే హ్యాష్ విలువ తీయించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే భారతీయ సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్‌లో రెండు భాగాలూ నింపించాలి. డీవీఆర్ గడియారానికీ అసలు టైముకీ ఎన్ని నిమిషాల తేడా ఉందో పంచనామాలో రాయాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే, ఆ టైముకు నిందితుడు వేరే తరగతిలో ఉన్నాడని రిజిస్టర్ చూపించి డిఫెన్స్ వారు ఫుటేజీ మీదే అనుమానం పుట్టిస్తారు.

బడి యాజమాన్యాలు చేసే పెద్ద పొరపాటు సొంత విచారణ. ప్రిన్సిపాల్ అడుగుతారు, కరస్పాండెంట్ అడుగుతారు, మళ్లీ టీచర్లు అడిగి కాగితం మీద రాయిస్తారు. అడిగిన ప్రతిసారీ పసివాళ్ల మాట కొంత మారుతుంది. రేపు కోర్టులో ఆ తేడాలే బిడ్డకు ఎదురు తిరుగుతాయి. బిడ్డ చెప్పింది ఆ మాటల్లోనే తేదీ, టైముతో రాసిపెట్టుకుని వెంటనే స్టేషన్‌కు తెలపడం వరకే బడి పని. సలహా కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. తన కింద పనిచేసేవారి నేరాన్ని పోలీసులకు చెప్పని సంస్థ బాధ్యులకు పోక్సో 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు. బడి పరువు పేరు చెప్పి రాజీకి కూర్చోబెట్టే పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి.

దర్యాప్తును శాంతిభద్రతల నుంచి వేరు చేయాలని, పది లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలతో మొదలుపెట్టాలని పోలీసు సంస్కరణలపై ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఆదేశించింది. స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఇవ్వాలన్నదీ అందులోదే. హైదరాబాద్‌లో డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులు ఉన్నాయి కదా అనొచ్చు. బందోబస్తు రోజున ఆయన్నీ రోడ్డు మీదికి పంపితే ఆ విభజన కాగితం మీదే ఉంటుంది. దర్యాప్తు విభాగానికి సొంత ఎస్సైలు, రైటరు, వాహనం ఉండాలి. వాళ్లను వేరే డ్యూటీకి పంపాలంటే డీసీపీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి, అది స్టేషన్ రోజువారీ రికార్డైన జనరల్ డైరీలో ఎక్కాలి.

సిబ్బంది చాలరన్నది అధికారుల జవాబు. ఖాళీలు ఉన్నమాట నిజమే, భర్తీ చేయాల్సిందే. అయితే ఊరేగింపు బందోబస్తుకు ఆర్మ్‌డ్ రిజర్వ్‌ను, హోంగార్డులను దించవచ్చు. కేసు డైరీ రాయడానికి వాళ్లను దించలేం.

ఇలా విడిగా ఇచ్చిన అధికారాన్ని కనిపెట్టి ఉండేవాళ్లూ కావాలి. లాకప్పులు, వరండాలు, ఎస్సైల గదులతో సహా స్టేషన్ అంతటా శబ్దం కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పోలీసు ఫిర్యాదుల అథారిటీలు ఉండాలని 2006 నాడే చెప్పింది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు తెలపాలని పైన చెప్పిన 193వ సెక్షన్‌లోనే ఉంది. ఎన్ని కేసుల్లో అలా తెలిపారో, దర్యాప్తు సిబ్బందిని ఎన్నిసార్లు బందోబస్తుకు వాడుకున్నారో రెండు తెలుగు రాష్ట్రాల కమిషనరేట్లూ నెలనెలా ప్రకటించాలి.

– ఒక న్యాయవాది