తెగకూడని ధ్రువాల కొలతలు

సంపాదకులు గారికి,

ధ్రువ ప్రాంతాల పేరెత్తితే కరిగే మంచు ఫొటోలే పత్రికల్లో కనిపిస్తాయి గానీ, అక్కడ ఒకే చోట, ఒకే పద్ధతిలో దశాబ్దాలుగా సాగుతున్న వాతావరణ కొలతల ఊసు అరుదుగా వినిపిస్తుంది. అంటార్కిటికాలోని హ్యాలీ కేంద్రంలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1950ల చివరి నుంచి డాబ్సన్ పరికరంతో ఓజోన్‌ను కొలుస్తూ వచ్చారు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల్లో ఓజోన్ ఎక్కువగా పీల్చుకునేవాటినీ, తక్కువగా పీల్చుకునేవాటినీ పోల్చి, పైనున్న ఓజోన్ ఎంతో లెక్కగట్టే పరికరమది. ఏళ్ల తరబడి ఆ అంకెల్లో విశేషమేమీ కనిపించలేదు; దండగ ఖర్చని అప్పుడెవరైనా అంటే కాదనడం కష్టమయ్యేది. 1985లో ఆ బ్రిటిష్ బృందంలోని ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్‌లు అక్కడ అక్టోబరు నెలల్లో ఉండే ఓజోన్ దారుణంగా పడిపోయిందని ప్రకటించగలిగారంటే, పోల్చి చూసుకోవడానికి ఆ పాత అంకెలు ఉండబట్టే. మరో రెండేళ్లకే, ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

దక్షిణ ధ్రువం వద్ద 1957లో మొదలైన కార్బన్ డయాక్సైడ్ కొలతలదీ ఇదే తీరు. కర్మాగారాలకు, అడవులకు ఎంతో దూరంలో ఉన్న ఆ గాలిలో కూడా అది 2016లో పది లక్షల భాగాలకు 400 భాగాలు దాటింది.

ఉపగ్రహాలున్నాయి కదా అనే వాదన నాకు అంతగా రుచించదు. వాటి లెక్కలను సరిచూసేది నేలమీది పరికరాలతోనే. కొత్త పరికరం పెట్టినప్పుడు పాతదాన్ని కూడా కొంతకాలం పక్కనే నడపకపోతే, మార్పు గాలిలో వచ్చిందో, పరికరంలో వచ్చిందో తేలదు. అందువల్ల ఈ కేంద్రాలకు మూడేళ్ల, అయిదేళ్ల ప్రాజెక్టుల కింద కాకుండా, శాశ్వత పద్దు కిందే నిధులివ్వాలి.

- ఒక పాఠకుడు