పిల్లల పేజీలో అట్ట విమానం వేయండి, కానీ పద్ధతిగా వేయండి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం గురించి మీ జిల్లా పేజీల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. 1930లో నిజాం హయాంలో కట్టిన ఆ విమానాశ్రయం 1981లో మూతపడిన సంగతి, దాని పునరుద్ధరణకు కేంద్రం 2025లో అనుమతి ఇచ్చిన సంగతి పెద్దలందరికీ తెలిసినవే. ఇదే సందర్భంలో పిల్లలకు మీరు ఇవ్వగలిగినది ఒకటుంది. కత్తిరించి, మడిచి, అతికించి కట్టుకునే అట్ట విమానం కిట్టును పిల్లల పేజీ తరఫున అందించవలసిందిగా కోరుతున్నాను. ఐటీఐలో షీట్ మెటల్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాడిగా ఈ సూచన చేస్తున్నాను.

తరగతి గదిలో మడిచి విసిరే కాగితపు రాకెట్టు గురించి కాదు నేను చెబుతున్నది. ఇందులో విమానం బాడీ, రెక్కలు, తోక, ఇంజిన్లు అన్నీ రంగులతో సహా చదునుగా అచ్చయి ఉంటాయి. గీత మీద కోసి, చుక్కల గీత మీద మడిస్తే అసలు విమానానికి చిన్న రూపం వస్తుంది. రేకుల పనివాడు గరాటు చేసేముందు రేకు మీద గీసుకునేదీ ఇదే. మా ట్రేడులో దానిని డెవలప్‌మెంట్ గీయడం అంటాము. తోకవైపు సన్నబడే బాడీ అంతా కొన కోసేసిన శంకువులను ఒకదాని వెనుక ఒకటి పేర్చినట్లే ఉంటుంది. పదో తరగతి క్షేత్రమితిలో శంకువు ఏటవాలు ఎత్తును సూత్రంగా బట్టీపట్టిన విద్యార్థి, చదునుగా పరిచిన సెక్టారుకు అదే వ్యాసార్ధమని ఇక్కడ చేతితో తెలుసుకుంటాడు. ముక్కు భాగం దగ్గరకు వచ్చేసరికి ఇంకొక సంగతి బయటపడుతుంది: అన్ని వైపులా వంపు తిరిగిన గుండ్రని తలాన్ని సాగదీయకుండా చదును చేయడం సాధ్యం కాదు కాబట్టి, కిట్టు గీసేవారు దానిని పూరేకుల్లా చీల్చి గాని, సన్నని వలయాలుగా విడగొట్టి గాని ఇస్తారు. రేకునైతే సుత్తితో కొట్టి వంచుకోవచ్చు, అట్టకు ఆ వెసులుబాటు లేదు.

ఏ విమానం అని అడిగితే నేను డకోటా, అంటే రెండు పంకా ఇంజిన్ల పాత డీసీ-3 విమానం, అంటాను. 1945లో హైదరాబాద్ సంస్థానంలో మొదలై, 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి అవే. దాని రెక్కల వెడల్పు ఇంచుమించు 29 మీటర్లు కాబట్టి 1:100 స్కేలులో 29 సెంటీమీటర్లకు వస్తుంది, పిల్లలకు అది చాలు. పోలండ్‌లో 1950లలో మొదలైన ఇలాంటి కిట్ల పత్రిక ఒకటి విమానాలను 1:33 స్కేలులో అచ్చువేస్తుంది. ఆ కొలతకు డకోటా రెక్కలే 88 సెంటీమీటర్లు అవుతాయి, మన ఇళ్లలో దానిని పెట్టడానికి చోటు వెతకాలి.

అయితే ఈ కిట్టును పత్రిక కాగితం మీదే వేసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. పత్రిక కాగితం 45 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) దరిదాపుల్లో ఉంటుంది, ఈ పనికి 160 నుంచి 200 జీఎస్‌ఎం అట్ట కావాలి. మైదా పిండితో అట్టకు అతికించుకోమని సూచించడం కూడా సరికాదు. తడిసిన కాగితం తన నారపోగుల పొడవునా కంటే వాటికి అడ్డంగా ఎక్కువ సాగుతుంది, దానితో భాగాల కొలతలు మారిపోతాయి. కాబట్టి పేజీలో బొమ్మను, సూచనలను ఇచ్చి, ఏ4 షీట్లను మీ వెబ్‌సైటులో పీడీఎఫ్‌గా పెడితే, పిల్లలు దగ్గరలోని జిరాక్స్ సెంటరులో దళసరి అట్ట మీద ప్రింటు తీయించుకుంటారు. ప్రింటు సరైన కొలతలో వచ్చిందో లేదో స్కేలుతో చూసుకోవడానికి ప్రతి షీటు మూలన 10 సెంటీమీటర్ల గీత ఒకటి వేయండి. జిరాక్స్ సెంటరు కుర్రాడు 'ఫిట్ టు పేజ్' నొక్కితే ఆ షీటు కాస్త కుంచించుకుపోతుంది. అప్పుడు ఒక షీటులోని బాడీలో మరో షీటులోని అడ్డుబిళ్ల (బాడీ ఆకారం నిలవడానికి లోపల అడ్డంగా పెట్టే బిళ్ల) పట్టదు, ఎక్కడ తేడా వచ్చిందో పిల్లలకు అంతుబట్టదు.

అన్నింటికంటే ముఖ్యమైనది గ్రెయిన్, అంటే కాగితంలో నారపోగులు పరుచుకున్న దిశ. కాగితపు మిల్లులో గుజ్జు కదిలే జల్లెడ మీద పారుతుంది కాబట్టి నారపోగులు ఎక్కువగా అది కదిలే దిశలోనే పరుచుకుంటాయి. ఆ పోగుల పొడవునా గొట్టం ఇరుసు (నడిమి గీత) ఉండేలా చుడితే అట్ట గుండ్రంగా తిరుగుతుంది, అడ్డంగా చుడితే పలకలు పలకలుగా విరుగుతుంది. కాగజ్‌నగర్ మిల్లు మన ఉత్తర తెలంగాణలోనే ఉన్నా ఈ సంగతి మన బడుల్లో చెప్పగా నేను వినలేదు. ఈ మధ్య మా మనవడికి కొన్న కిట్టులో బాడీ భాగాలన్నీ గ్రెయిన్‌కు అడ్డంగా అచ్చయ్యాయి. ఎంత నెమ్మదిగా పెన్సిలు మీద చుట్టినా కిటికీల వరుస వెంబడి తెల్లని చారలు లేచి, రంగు పొరలు పొరలుగా ఊడింది. పైగా సూచనలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. మీ షీట్లలో బాడీ ఇరుసు దిశను చూపే బాణం గుర్తు వేసి, అట్ట గ్రెయిన్ ఆ దిశలోనే ఉండాలని తెలుగులో రాయండి. కనుక్కోవడం తేలికే: ఒకే కొలతలో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి సన్నని పీలికలు కోసి, చివర పట్టుకుంటే తక్కువ వాలేదే గ్రెయిన్ వెంట కోసినది.

మిగిలిన సూచనలు నాలుగు వాక్యాల్లో సరిపోతాయి. మడత గీతలను ఇంకు అయిపోయిన రీఫిల్‌తో ముందుగా నొక్కుకోవాలి. అడ్డుబిళ్లలను పెళ్లిపత్రికల అట్ట మీద అతికించి కోయాలి. కోసిన తెల్లని అంచులకు అతికించక ముందే స్కెచ్‌పెన్నుతో రంగు వేయాలి. ఫెవికాల్‌ను అగరుబత్తి పుల్లతో పలుచగా రాయాలి, ఎక్కువైతే అట్ట ఉబ్బుతుంది.

బడుల సైన్సు ప్రదర్శనల్లో దుకాణంలో కొన్న థర్మోకోల్ నమూనాలకు కూడా బహుమతులు ఇస్తున్నారు. కొనిపెట్టిన తల్లిదండ్రులను నేను తప్పుపట్టను, పిల్లలు తాము చేసుకోగలిగినది వారికి దొరకడం లేదు. వేసవి సెలవులకు ముందు మొదలుపెట్టి, ఒక వారం బాడీ, తరువాతి వారం రెక్కలు, ఆపైన ఇంజిన్లు, తోక అని విడతలుగా ఇస్తే, కట్టేవారికి తొందర ఉండదు. డకోటా నడుమ రెక్క చదునుగా ఉండి బయటి రెక్కలు మాత్రం పైకి లేస్తాయి కాబట్టి, ఆ కోణానికి లోపల పెట్టే బద్దను విడిగా గీయించండి. షీట్లు వెబ్‌సైటులో పెట్టేముందు ఒక ప్రతిని ఏడో తరగతి చదివే పిల్లల చేత, పెద్దలెవరూ చెయ్యి వేయకుండా, కట్టించి చూడగలరు.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు,
హనుమకొండ.